చేతి వణకును కాచు కటకము : దాని గుణపరీక్ష

మన పాఠశాలయందలి ప్రకృతి పరిశీలన సంఘమువారు రెండు సంవత్సరములనుండి పాత దినపత్రికలను, నారుమొక్కలను అమ్మి కొంత ధనమును కూడబెట్టియున్నారు. పూర్వవిద్యార్థులు దానముగా నిచ్చిన డిజిటల్ కెమెరాకు తగిన కటకమొకటి కొనవలెనని వారి తలంపు. ఆ కెమెరాతో వచ్చిన చిన్న కటకముతో తీసినపుడు మంజీరా నది యొడ్డున నిలిచిన కొంగలు తెల్లని చుక్కలవలె మాత్రమే పడుచున్నవి. ఆ చుక్కను చూపి, ఇది చిన్న తెల్లకొంగయా, పెద్ద తెల్లకొంగయా అని అడిగినచో ఎవరు చెప్పగలరు? చిన్న తెల్లకొంగ ముక్కు నలుపు. కాళ్లు నలుపైనను వ్రేళ్లు పసుపు. పెద్ద తెల్లకొంగకు గ్రుడ్లుపెట్టు కాలము తప్ప మిగిలిన దినములలో ముక్కు పసుపు. కావున మన పట్టికలో ఒక పక్షి పేరు వ్రాయుటకు దాని ముక్కు రంగే సాక్ష్యము. సాక్ష్యము మసకబారినచో పట్టిక ఊహాపత్రమగును గాని పరిశీలన కానేరదు.

ఒక దుకాణదారుడు 18 మి.మీ. మొదలు 200 మి.మీ. వరకు సాగు సూపర్‌జూము కటకమును, బింబస్థిరీకరణ సాధనముతో కూడినదానిని, మాకు చూపెను. అది ఒకరు వాడినదే. "ఈ యొక్కటి యున్న వేరొకటి అక్కరలేదు" అని అతడు పలికి, నాలుగు దినములు పరీక్షించి చూచుటకు సమ్మతించెను. ఆ మాట యెంతవరకు నిజమో తేల్చుకొనుటకు మేము విద్యార్థులతో గూడి చేసిన పరీక్షల క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము. కటకము పేరు చెప్పుట అవసరము కాదు. ఈ జాతి కటకము దేనినైనను ఇదే విధమున పరీక్షింపవచ్చును.

మొదట అంకెల సంగతి. 200ను 18చే భాగించిన 11 వచ్చును. దీనినే వ్యాపారులు "11 రెట్ల జూము" అందురు. అది వినిన బాలురు, కంటికి కనబడుదానికంటె 11 రెట్లు దగ్గరగా కనబడునని భ్రమపడుదురు. అది సరికాదు. ఆ 11 అనునది కటకముయొక్క చిన్న కొనకును పెద్ద కొనకును గల నిష్పత్తి మాత్రమే. మన కెమెరాలో చిత్రము పడు ఫలకము 24 మి.మీ. పొడవు, 16 మి.మీ. వెడల్పు గలది. అట్టి ఫలకమునకు ఇంచుమించు 35 మి.మీ. నాభ్యంతరము గల కటకము సాధారణ దృష్టిని పోలిన చిత్రమునిచ్చును. దానితో పోల్చినచో 200 మి.మీ. కటకము వస్తువును 6 రెట్లకు లోపుగానే పెంచును. 70 మొదలు 300 వరకు పోవు కటకము నిష్పత్తి 4 రెట్లకు కొంచెము మించినను, అది దూరమును చూచుటలో ఈ 11 రెట్ల కటకమును ఓడించును. రెట్లను గాక చివరి అంకెను చూడవలెను.

ఇక కొంగ ముక్కును లెక్కింతము. దూరపు వస్తువుయొక్క బింబము పరిమాణము కావలసినచో, నాభ్యంతరమును దూరముచే భాగించి వస్తు పరిమాణముచే హెచ్చింపవలెను. కొంగ మనకు 60 మీటర్ల దూరమున నున్నదనుకొందము. 200 మి.మీ. కటకమునకు ఆ నిష్పత్తి 300లో ఒక వంతు. ముక్కు మొదట సుమారు ఒక సెంటీమీటరు మందముండుననుకొనినచో ఫలకముపై దాని బింబము 30లో ఒక వంతు మిల్లీమీటరు. మన కెమెరా ఫలకముమీద పొడవున 6000 పిక్సెలులు కలవు; అనగా మిల్లీమీటరునకు 250. కావున ముక్కు మందము 8 పిక్సెలులు ఆక్రమించును. ఇది రంగు తెలియుటకు చాలును. పాత కటకముయొక్క 55 మి.మీ. కొనతో నదే ముక్కు 2 పిక్సెలులే. అందుచేతనే అది తెలియకపోయినది. 400 మి.మీ. ఉన్నచో 16 పిక్సెలులు దొరకును.

అయితే ఈ 8 పిక్సెలులు కాగితముమీది లెక్క. చేయి వణకినచో ఏమగునో చూడుడు. ఒక డిగ్రీని 60 భాగములు చేసిన అందొక భాగమును నిమిషమందురు. షట్టరు తెరచియున్న కాలములో కెమెరా ఒక్క నిమిషము కోణము తిరిగినదనుకొనుడు. ఇది చూచుటకు కనబడని చిన్న కదలిక. 200 మి.మీ. కొనయందు బింబము ఇంచుమించు 15 పిక్సెలుల దూరము జరుగును. ముక్కు వెడల్పు 8, వణకు వెడల్పు 15! నల్లని ముక్కు వెనుకనున్న నీటి రంగుతో కలిసి బూడిదవర్ణమగును. అదే వణకు 18 మి.మీ. కొనయందు ఒక పిక్సెలునకు కొంచెము మించును, ఎవరికిని కనబడదు. సూపర్‌జూము కటకమునకు స్థిరీకరణము ఎందులకు ముఖ్యమో ఈ లెక్కయే చెప్పుచున్నది.

మన దేశమున ఈ వణకు ప్రశ్న క్రొత్తది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారుడై ప్రసిద్ధిచెందిన రాజా దీన్‌దయాళ్ కాలమున కెమెరా బరువైన పెట్టె. అది ముక్కాలి స్టాండుపై నిలిచియుండెడిది. నిశ్చలముగా నుండవలసినవారు చిత్రమునకు కూర్చుండినవారే. కెమెరా చేతిలోనికి వచ్చిన పిమ్మటనే చేయి శత్రువైనది. 1992వ సంవత్సరమున జపాను దేశపు టామ్రాన్ సంస్థ 28 మొదలు 200 వరకు గల చిన్న జూమును విక్రయింపసాగినది. ప్రయాణికులు దానిని విశేషముగా ఆదరించిరి. 1995లో కెనాన్ సంస్థ 75-300 కటకమున స్థిరీకరణమును అమర్చెను. మార్చుకొనదగిన కెమెరా కటకములలో అది మొదటిది. ఈ రెండు గుణములను ఒకేచోట చేర్చి నికాన్ సంస్థ 2005లో 18-200 కటకమును వెలువరించినది. అటుపిమ్మట టామ్రానువారు 2008లో 18-270ను, 2017లో 18-400ను తెచ్చిరి. అద్దములేని కెమెరాలకు నికానువారి 28-400 కటకము 2024లో వచ్చినది. పేర్లు సంస్థకొకటి: ఒకరు వి.ఆర్. అందురు, ఒకరు ఐ.ఎస్., మరియొకరు వి.సి. పని యొక్కటే.

ఆ పని యెట్లు జరుగును? కటకపు గొట్టములో రెండు సూక్ష్మమైన గైరో సాధనములుండును. ఒకటి కెమెరా మీదికిని క్రిందికిని వంగుటను, రెండవది కుడియెడమలకు తిరుగుటను కనిపెట్టును. ఆ సమాచారమును చిన్న గణకయంత్రము క్షణములో గ్రహించి, గొట్టము మధ్యనున్న ఒక కటకముల గుంపును విద్యుదయస్కాంతములచే ప్రక్కకు జరుపును. చేయి బింబమును ఎడమకు లాగిన, ఆ గుంపు దానిని కుడికి త్రోయును. నిండుకుండను నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీ మెడను చూచినవారికి ఇది తెలియును: కాలు ఎట్లు పడినను మెడ సరిదిద్దుచుండును.

ఇందు మూడు పరిమితులు దాగియున్నవి. కెమెరా చక్రమువలె తన యిరుసుపై దొర్లినచో కటకములోని యీ సాధనము దానిని సరిచేయలేదు. అతి దగ్గరనున్న పురుగును తీయునపుడు కెమెరా కోణము మారక యటునిటు జరుగుట కూడ చిత్రమును చెరచును. సాధారణ స్థిరీకరణమునకు ఆ జరుగుట తెలియదు. ఇక మూడవది అన్నిటికంటె పెద్దది. ఈ యంత్రము కెమెరా కదలికను ఎరుగును గాని కెమెరా యెదుటనున్న ప్రాణి కదలికను ఎరుగదు.

చేతితో తీయువారికి ఒక పాత సూత్రము కలదు. నాభ్యంతరము ఎంతయో, సెకనులో అన్నవ వంతుకంటె షట్టరు ఆలస్యము కారాదు. మన కెమెరా ఫలకము పూర్వపు 35 మి.మీ. ఫిలిముకంటె చిన్నదగుటచే 200ను ఒకటిన్నరచే హెచ్చింపగా 300. అనగా 1/300 సెకను. స్థిరీకరణము "4 మెట్లు" లాభమిచ్చునని తయారీదారులు చెప్పినపుడు ఒక్కొక్క మెట్టునకు కాలము రెట్టింపగునని అర్థము. 4 మెట్లకు 16 రెట్లు. 1/300 కాస్త సుమారు 1/20 సెకను అగును. ఈ మాటను సంస్థలు కెమెరాను బల్లపై అమర్చి, ఆ బల్లను చేతివణకువలె యంత్రముతో కదలించి కొలుచుచున్నవి. ఆ కొలత కటకములను ఒకదానితో నొకటి పోల్చుటకు మంచిదే. కాని మన కటకమును పట్టుకొనునది బల్ల కాదు.

కావున మేమొక నియమము పెట్టుకొంటిమి. స్థిరీకరణమును పరీక్షించువాడు అందరిలో నిశ్చలమైన చేయి గలవాడు కారాదు. పత్రికలలో కటక పరీక్షలు వ్రాయువారు ఇరువది యేండ్లుగా కెమెరా పట్టినవారు. వారి చేయి సగము ముక్కాలిపీట. మన సంఘములో ఆ కటకమును పట్టువారు ఆరవ తరగతి పిల్లలు. కెమెరాతో కలిసి దాని బరువు కిలోగ్రాము దాటును. అందుచేత ముగ్గురిని ఎన్నుకొంటిమి: మా యుపాధ్యాయులలో నొకరు, పదవ తరగతి బాలుడొకడు, ఆరవ తరగతి బాలిక యొకతె.

సాయంకాలము వరండాలో, ఎండ పడనిచోట, గోడకు దినపత్రిక నంటించి, ద్వారమును ఎఫ్ 5.6 వద్ద నిలిపి, ఐ.ఎస్.ఓ.ను కెమెరాకే విడిచితిమి. షట్టరును 1/320, 1/160, 1/80, 1/40, 1/20 అను క్రమమున మార్చుచు, ఒక్కొక్క వేగమున స్థిరీకరణము లేక పది చిత్రములు, ఉంచి పది చిత్రములు ఒక్కొక్కరు తీసిరి. ఒక్క చిత్రము తీసి తీర్పు చెప్పుట అన్యాయము. వణకు ఒకప్పుడు కలిసివచ్చును, ఒకప్పుడు రాదు. చిత్రములను వేరొక తరగతివారికి పేర్లు చెప్పక చూపి, చదువదగినవి యెన్నియో లెక్కింపజేసితిమి. తీసినవాడే తీర్పరియైనచో తన చిత్రములన్నియు స్పష్టముగనే కనబడును!

ఫలితము మాకు వింతగా తోచినది. స్థిరీకరణము లేనపుడు ఉపాధ్యాయుని చేతికి 1/160 కూడ చాలినది. బాలికకు 1/320 సైతము తరచుగా చాలలేదు. స్థిరీకరణము పెట్టినపుడు ముగ్గురికిని రెండు మూడు మెట్లు లాభము కలిగినది. నాలుగు మెట్లు ఎవరికిని నమ్మకముగా దొరకలేదు. అయినను ఉపాధ్యాయుడు దానితో 1/20 వరకు దిగుట ఒక సౌకర్యము మాత్రమే. బాలిక చేతిలో 1/80 వద్ద అక్షరములు నిలుచుట వేరు సంగతి. అది లేనిచో ఆమెకు ఆ కటకమువలన ప్రయోజనమే లేదు. ఈ సాధనము నేర్పరికి అలంకారము, పసివానికి ఊతకర్ర. మన సంఘమునకు ఇది కొనదగినదా యను ప్రశ్నకు సగము సమాధానము ఇచ్చటనే దొరకినదని మా యభిప్రాయము.

పిల్లలకు చెప్పవలసిన వాడుక నియమములు కొన్ని గలవు. బొత్తామును సగము నొక్కి, దృశ్యము నిలకడకు వచ్చువరకు ఒక క్షణమాగి, పిదప పూర్తిగా నొక్కవలెను. లోపల చిన్న టిక్కు మను ధ్వని వచ్చుట దోషము కాదు. ముక్కాలిపీటపై నుంచినపుడు పెక్కు కటకములలో స్థిరీకరణమును ఆపివేయుట మేలు. లేని వణకును వెదకి తానే వణకు కలిగింపవచ్చును. కంది గ్రామము ప్రక్కగా పోవు 65వ జాతీయ రహదారిపై లారీలను వెంబడించి కెమెరా త్రిప్పుచు తీసి చూచితిమి. అట్టి వేళ కుడియెడమల సవరణను యంత్రమే మానుకొని, మీదుక్రిందుల వణకును మాత్రము అణచవలెను. మేము చూచిన కటకము ఈ పని చక్కగా చేసినది: లారీ నిలిచినది, వెనుకనున్న చెట్లు గీతలైనవి.

మూడవ పరిమితి యని పైన చెప్పినదానిని విద్యార్థులు మాటచే నమ్మలేదు. కావున పాఠశాల సభాభవనమున నాటకపు అభ్యాసము జరుగునపుడు పరీక్షించితిమి. వేదిక దీపముల వెలుగులో 1/20 సెకనున తీయగా వెనుకతెర, బల్లలు, స్తంభములు చెక్కినట్లు వచ్చినవి. పాత్రధారుల ముఖములు చెరిగినవి. ఇందులో వింత లేదు. సెకనునకు ఒక మీటరు వేగమున కదలు చేయి 1/20 సెకనులో 5 సెంటీమీటర్లు జరుగును. కటకములోని యే యంత్రము దానిని ఆపజాలదు. అచ్చట కావలసినది ఎక్కువ వెలుతురు. సూపర్‌జూము 50 మి.మీ. వద్ద ఇంచుమించు ఎఫ్ 4.5 మొదలు 4.8 వరకే తెరచుకొనును. సామాన్యమైన 50 మి.మీ. ఎఫ్ 1.8 కటకము ఆరేడు రెట్లు వెలుతురు లోనికి రానిచ్చును. 1/20 బదులు 1/125 దొరకును. ఆ కటకమునకు స్థిరీకరణము లేకపోవచ్చును, జూము అసలే లేదు. అయినను వార్షికోత్సవ నాటకమునకు అదియే తగినది. దుకాణదారుని మాట ఇచ్చట చెడినది.

సూపర్‌జూములు ఇంత వెలుతురును ఎందుకు ఈయలేవు? 200ను 5.6చే భాగించిన 36 మి.మీ.; కొన ద్వారము ఆ వెడల్పు కావలెను. అదే 200 వద్ద ఎఫ్ 2.8 కావలెనన్న ద్వారము 71 మి.మీ. ముందరి అద్దము అంతకు తక్కువ కారాదు. అట్టిది బడిపిల్లలు మోయు వస్తువు కాదు. చిన్నతనము, తేలికదనము, దూరము అను మూడింటిని కోరినవారు వెలుతురును వదలుకొనవలసియున్నది.

ఇప్పుడు మంజీరా తీరమునకు పోదము. కందినుండి సంగారెడ్డి దాటి పోయినచో మంజీరా వన్యప్రాణి సంరక్షణ స్థలము చేరవచ్చును. సింగూరు ఆనకట్టకును మంజీరా ఆనకట్టకును నడుమనున్న నదీభాగమును 1978లో సంరక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. మొసళ్లు ముఖ్యముగా ఇచ్చట రక్షింపబడుచున్నవి. కొంగలు, నీటికాకులు, శీతకాలపు వలసపక్షులు విస్తారము. హైదరాబాదు నగరవాసులు ఈ నీటినే త్రాగుచున్నారు గాని మొసళ్ల సంగతి వారిలో ఎందరికి తెలియునో!

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 5.6 వద్ద 1/800 సెకను దొరకును. అంత వేగమున స్థిరీకరణము ఉన్నను లేకున్నను చిత్రములో భేదము మాకు స్పష్టముగా కనబడలేదు. చూచు కిటికీలో దృశ్యము నిలకడగా నుండుట మాత్రమే లాభము. పక్షిని వెదకు పిల్లలకు అదియు చిన్న లాభము కాదు. అయితే మధ్యాహ్నమున వేరొక శత్రువు బయలుదేరును. వేడెక్కిన నేలనుండి లేచు గాలి పొరలు దూరపు దృశ్యమును నీడలాడించును. ఆ మసకను కటకముపై మోపి దానిని తిట్టినవారిని మేము చూచియున్నాము. పక్షులు చురుకుగా తిరుగునది ఉదయమున. గాలియు అప్పుడే నిర్మలము. కాని వెలుతురు తక్కువ. స్థిరీకరణము తన వెలను తీర్చుకొనునది ఆ యొక గంటలోనే. నిలిచి చేపకై పొంచియున్న కొంగ దానికి తగిన విషయము. రెక్క విప్పి లేచిన కొంగకు 1/1000 సెకను గాని, అంతకంటె వేగము గాని కావలెను, అప్పుడు ఐ.ఎస్.ఓ.ను పెంచుట తప్ప వేరు మార్గము లేదు. 60 మీటర్లలోపున నిలిచిన కొంగ ముక్కు నలుపో పసుపో మా విద్యార్థులు చెప్పగలిగిరి. ఆవలి యొడ్డు పక్షుల విషయమున కటకము చేతులెత్తినది. 200 అను అంకె అచ్చట ముగియును.

కటకముయొక్క స్పష్టతను చేతితో గాక స్టాండుపై నుంచి పరీక్షింపవలెను. లేనిచో ఏ దోషము చేతిదో ఏది అద్దముదో తెలియదు. గోడకు దినపత్రిక పుటలను చిత్రము నిండునట్లు అంటింపుడు. 18 మి.మీ. వద్ద 2 మీటర్ల దూరమునుండి సుమారు 2.7 మీటర్ల వెడల్పు పట్టును. అదే గోడను అంతే వెడల్పుగా 200 వద్ద పట్టుటకు 22 మీటర్లు వెనుకకు పోవలెను. మన వరండా పొడవు ఇందుకు సరిపోయినది. తెలుగు అక్షరములు ఈ పనికి మిక్కిలి తగినవి. ద-ధ, ప-ఫ, డ-ఢ అను జంటలలో భేదము ఒక చిన్న గీత మాత్రమే. ఆ గీత తెలిసిన కటకము చూచుచున్నది, తెలియనిచో ఊహించుచున్నది. అయితే న్యాయము తప్పరాదు. వార్తలలోని 3 మి.మీ. అక్షరము పై దూరములలో 7 పిక్సెలులే ఆక్రమించును. అందులోని గీతను ఉత్తమ కటకమైనను చూపజాలదు. ఉపశీర్షికల అక్షరములను చూచి తీర్పు చెప్పవలెను.

నడుమను, నాలుగు మూలలను వేరువేరుగా చూడుడు. నాలుగు మూలలును సమానముగా మెత్తబడినచో అది ఈ జాతి స్వభావము. ఒక మూల మాత్రము మిగిలినవానికంటె చెడియున్నచో లోపలి అద్దమేదో ఒరిగియున్నదని గ్రహించి ఆ కటకమును తిరిగి యిచ్చివేయవలెను. ఎక్కువ భాగములు సాగు గొట్టములలో ఈ దోషము తరచు. మాకు దొరకిన కటకము 18 వద్ద నడుమ బాగుగను మూలల మధ్యమముగను నుండెను. 200 వద్ద ఎఫ్ 5.6తో మెత్తన, ఎఫ్ 8కి మూయగా తేటపడెను. ఎఫ్ 22 వద్ద మరల మసక. వెలుతురు సన్నని రంధ్రమున దూరునపుడు చెదరుటవలన కలుగు వివర్తనమే దానికి కారణము, ఆ దోషము సర్వకటకములకును సామాన్యము. మూలలలో నల్లని అక్షరములకు ఊదా, ఆకుపచ్చ అంచులు కనబడినవి. వివిధ వర్ణములు వివిధముగా వంగుటవలన కలుగు ఈ వర్ణవిపథనమును కంప్యూటరులో చాలవరకు తుడువవచ్చును. చెరిగిన ముక్కును తుడిచి తెచ్చుకొనలేము. అందుచే మేము వర్ణదోషమునకు తక్కువ మార్కులు తీసితిమి.

సరళరేఖలు వంగుటను చూచుటకు విహారయాత్రలో మెదకు మహాదేవాలయమును తీసి చూచితిమి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడపు నిలువు గీతలు, గోపురపు అంచులు కటకమునకు కఠిన పరీక్షకులు. 18 వద్ద చిత్రపు అంచుననున్న గోడ పీపావలె వెలుపలికి ఉబ్బినది. 35 దాటిన పిమ్మట లోపలికి నొక్కుకొనినది. పక్షికి ఇది పట్టింపు కాదు, కట్టడమునకు పట్టింపే. సంధ్యవేళ, రాతిమీద వెలుగు తగ్గినపుడు, ఈ కటకము చేతితోనే 1/20 సెకనున స్పష్టమైన చిత్రమునిచ్చెను. గోపురము కదలదు గదా! కదలని వస్తువు, మసక వెలుతురు, స్టాండు లేని ప్రయాణము: స్థిరీకరణ సూపర్‌జూమునకు ఇంతకంటె అనువైన పని లేదు.

దగ్గరి వస్తువుల విషయమున ఒక కిటుకు కలదు. గొట్టము పొడుగుకాక లోపలి అద్దములను జరిపి దృష్టి నిలుపు కటకములు, దగ్గర వస్తువును చూచునపుడు తమ నాభ్యంతరమును కుదించుకొనును. 200 అని గీత చెప్పుచున్నను ఆకుమీది పురుగు అనుకొన్నంత పెద్దదిగా రాదు. స్కేలును తీసి ఎన్ని మిల్లీమీటర్లు చిత్రమున పట్టినవో చూచిన నిజము తెలియును.

వాడిన కటకమును కొనువారు యంత్రభాగములను గూడ చూడవలెను. ముందరి అద్దమును నేలవైపు వంచినపుడు బరువుచే గొట్టము తానే జారి సాగుట ఈ జాతిలో తరచు కనబడు లోపము; మా చేతికి వచ్చినదియు జారెను. వెడల్పైన రబ్బరుపట్టీ తొడిగిన నిలుచును. వెనుకనుండి టార్చి వేసి చూచిన సాలెగూటి పోగులవంటి బూజు కనబడినచో ఎంత చౌకయైనను కొనరాదు. మన వర్షకాలపు తేమలో అది పెరుగును, ప్రక్కన పెట్టిన కటకములకును అంటును. రెండు మూడు ధూళికణములు చిత్రమున కనబడవు. పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు కర్మాగారముల ధూళి, రహదారి ధూళి నిత్యము గాలిలో నున్నది. సాగి ముడుచుకొను గొట్టము ఆ గాలిని పీల్చుకొనును. కాని మరియొక వైపు చూడుడు. రెండు కటకములు గలవాడు ఆ ధూళిలోనే కెమెరా నోరు తెరచి మార్చుకొనవలెను. ఒకే కటకము గలవానికి ఆ భయము లేదు. ఈ ప్రాంతమున ఇది చిన్న విషయము కాదని మా తలంపు.

నాలుగవ దినమున సంఘమువారు కూడి చర్చించిరి. కొందరు 70-300 కటకమే కావలెననిరి. పక్షులకు అది నిజముగా మేలు. కాని సామూహిక చిత్రమునకు, గోపురమునకు, తరగతి గదికి అది పనికిరాదు. పాత చిన్న కటకమును మార్చుచు తిరుగవలెను. మేమిచ్చిన సలహా యిది. జారుటను, అంచుల రంగులను చూపి ధర తగ్గించినచో ఈ 18-200ను కొనుడు. తగ్గిన సొమ్మును ముట్టక దాచి, దానికి కొంత చేర్చి, వాడిన 50 మి.మీ. ఎఫ్ 1.8 కటకమును వార్షికోత్సవమునకు ముందుగా సంపాదింపుడు. ఆవలి యొడ్డు పక్షులకై ప్రస్తుతము ధనము వెచ్చింపవలదు. బైనాక్యులరుతో చూచి వ్రాసికొనుడు. అంతలో ఒక వెదురుకర్ర కొనకు కెమెరా అడుగునకు సరిపోవు పావు అంగుళపు మరను బిగించినచో ఒంటికాలి ఊత సిద్ధమగును. ఆరవ తరగతి పిల్లలు కటకములోని యంత్రమును, ఈ కర్రను కలిపి వాడినపుడు 1/40 సెకను సైతము వారికి దక్కినది.

సంఘము ఈ సలహాను అంగీకరించినది. ధర విషయమున దుకాణదారునితో మాటలాడు పని పదవ తరగతివారు తీసికొనిరి. ఇకమీదట పక్షుల పట్టికలో ప్రతి చిత్రమునకు ఎదుట నాభ్యంతరము, షట్టరు కాలము, దూరపు అంచనా, స్థిరీకరణము ఉన్నదో లేదో, పట్టినవారి తరగతి వ్రాయవలెను. ముక్కు రంగు తెలియని కొంగకు "తెల్లకొంగ" అని మాత్రమే వ్రాసి, ప్రక్క గడి ఖాళీగా విడువవలెను.